పదకొండు చుట్లు

నేను ఒక డ్రమ్మును. డ్రమ్మంటే పెళ్ళి ఊరేగింపులో వాయించేది కాదు, కిరసనాయిలు పోసుకునేదీ కాదు. బట్టలుతికే మిషను కడుపులో గిరగిరా తిరిగే స్టీలు తొట్టిని. ఒళ్ళంతా చిల్లులే. ఇప్పుడు నాలో బట్టలు లేవు, మట్టి ఉంది. మట్టిలో తులసి ఉంది. కాకినాడలో ఒక పాతింటి పెరట్లో, సిమెంటు గచ్చు నడుమ, మూడు కాళ్ళ ఇనప స్టాండు మీద కూర్చున్నాను. ఇక దీని తిరుగుడు అయిపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అయిపోలేదు. నేను తిరగడం వల్ల ఒకావిడ ప్రాణం మీదికి వచ్చిందో, రావలసింది వస్తుంటే నేను ఊరికే చూపించానో, ఇప్పటికీ నాకు తెలియదు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేని ఇద్దరు తోడికోడళ్ళు ఆ రావలసింది రాకముందే నోరు విప్పుతారా లేదా అని మాత్రం, నోరున్నా మాట లేని నేను, నానా హైరానా పడ్డాను. ఆ సంగతే చెబుతాను. నాకైతే తొందర లేదు.

పుట్టింది ఎక్కడో అరవదేశంలో, ఒక కార్ఖానాలో. రేకును గుండ్రంగా చుట్టి, అంచులు అతికి, ఒళ్ళంతా చిల్లులు పొడిచారు. వీపుకి ఇరుసు, ఇరుసుకి బేరింగు బిగించారు. ఆ బేరింగు బిగించినవాడెవడో పుణ్యాత్ముడు, ఇన్నేళ్ళకీ కిర్రుమనలేదు. చిటికెన వేలితో తోసినా తిరుగుతాను. మనుషుల బుర్రలు అంత తేలిగ్గా తిరిగితే ఈ కథే ఉండేది కాదు.

మొదటి కొలువు ఒక నర్సింగు హోములో, మేడ వెనక రేకుల షెడ్డులో. అక్కడ నా యజమాని డాక్టరుగారు కాదు, అప్పలకొండ. దుప్పట్లు ఉతికేవాడు. పదమూడేళ్ళు నన్ను తిప్పాడు. బిడ్డ పుట్టిన దుప్పటీ, మనిషి పోయిన దుప్పటీ నా కడుపులో ఒకే నీళ్ళలో, ఒకే సబ్బుతో తిరిగేవి. పురుటి మైలకీ చావు మైలకీ రంగు తేడాయే గాని బరువు తేడా లేదు. మడి సంగతి నన్నడగండి, చెబుతాను.

అప్పలకొండకి ఒక అలవాటు ఉండేది. పోయినవాళ్ళ దుప్పటి వస్తే, గేటు పక్క కుండీలోంచి ఒక తులసాకు తుంచి తెచ్చి దానితోపాటు నాలో వేసేవాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అలా తులసి వాసన అంటే నాకు గుళ్ళూ గోపురాలూ కాదు, ఆ దుప్పట్లే గుర్తు. ఒకసారి ఎవరిదో ఇనప కడియం దుప్పటి మడతలో ఉండిపోయి, లోపల నానా బీభత్సం చేసి, నా ఒంటికి ఒక సొట్ట పెట్టింది. అప్పట్నుంచి ఒక వింత మొదలైంది. మామూలు రోజుల్లో మిషను ఆపితే సొట్ట ఎక్కడ పడితే అక్కడ ఆగేది. పోయినవాళ్ళ దుప్పటి తిరిగిన రోజు మాత్రం సరిగ్గా అడుక్కి వచ్చి ఆగేది. అప్పలకొండ అది కనిపెట్టాడు. ఒకరోజు బతికే ఉన్న ఒక రోగి దుప్పటి తిప్పితే సొట్ట అడుక్కి దిగింది. అతను చాలాసేపు నన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి తులసాకు తెచ్చాడు. సాయంత్రానికి ఆ దుప్పటి మళ్ళీ నా దగ్గరికి వచ్చింది.

"నీకెలాగ తెలుస్తాదే?" అని అడిగాడు. నాకు తెలిస్తేగా! మీట నొక్కితే తిరగడం, తీస్తే ఆగడం, అంతే నాకు తెలిసింది. ఎక్కడ ఆగాలో నేనెప్పుడూ అనుకోలేదు.

పెద్ద మిషను వచ్చింది, నన్ను తీసేశారు. పాత ఇనప సామాను కొనే గవర్రాజు చేతిలో పడ్డాను. అతను నా మిగతా ఒళ్ళంతా ఊడదీసి, నన్ను వెల్లకిలా తిప్పి, ఇరుసూ బేరింగూ అలాగే ఉంచి కింద మూడు కాళ్ళు అతికించాడు. నోరు ఆకాశం కేసి, వీపు నేల కేసి. మిద్దె తోటలవాళ్ళు ఇలాంటివి కుండీలకి ఎగబడి కొంటున్నారట. మూడు చక్రాల బండి మీద నన్ను ఎక్కించుకుని వీధి వీధీ తిప్పాడు. తిరగడమే నా రాత.

అలా శేషారత్నంగారి కంట పడ్డాను.

అది అన్నదమ్ముల ఇల్లు. అన్నదమ్ములిద్దరూ పోయారు, భార్యలు మిగిలారు. తూర్పు వాటాలో పెద్దావిడ శేషారత్నం, పడమటి వాటాలో చిన్నావిడ మాణిక్యాంబ. నడుమ పెరడు ఉమ్మడి. పెరట్లో ఉండే ఇటికల తులసికోట మీద ఆ ఏడు తుపానుకి ప్రహరీగోడ కూలి, కోట నుజ్జునుజ్జయింది. గచ్చు పగలగొట్టించే ఓపిక లేక, పెద్దావిడ కుండీ కోసం వెతుకుతోంది. మట్టికుండీ వద్దంది, ఎవరు ముట్టుకున్నారో ఏమో. ప్లాస్టిక్కు తొట్టి చూపిస్తే మండిపడింది.

"ప్లాస్టిక్కులో తులసమ్మేవిటి, అప్రాచ్యం! స్టీలైతే దోషం లేదు. ఇది ఎవరింట్లోదోయ్?"

"మంచి కుటుంబీకులదేనండమ్మగారూ. శుభ్రంగా బట్టలుతుక్కున్న మిషనండి. ఆయ్."

బట్టలుతుక్కున్న మాట నిజమే. గవర్రాజు అబద్ధం ఆడలేదు, నిజాన్ని కాస్త పొట్టిగా కత్తిరించాడంతే. ఊళ్ళో సగంమంది పుట్టుకా చావూ మోసినదాన్ని, చిటికెడు అంటుకి నాలుగు చెంబులు పోసుకునే మనిషి పసుపు నీళ్ళతో కడిగి, మూడుసార్లు దణ్ణం పెట్టి లోపలికి తీసుకుంది. అడుగున కంకరా, పైన ఎర్రమట్టీ, పిడకల పొడీ, కొబ్బరి పొట్టూ పోయించి పచ్చటి లక్ష్మీతులసి నాటింది. నా సొట్టలో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బొట్టు తూర్పుకి ఉండేలా తిప్పింది. అది ముఖం అనుకుందన్నమాట.

వాళ్ళ మౌనం సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట, శేషారత్నం భర్త ఆబ్దికం రోజున, ఆవిడ మడిచీర పెరట్లో తాడు మీద ఆరేసి ఉంది. ఉన్నట్టుండి వాన అందుకుంది. ఇంకా స్నానం చెయ్యని మాణిక్యాంబ, అయ్యో తడిసిపోతోందని పరుగున వెళ్ళి చీర లాగి లోపల పడేసింది. బ్రాహ్మలు వచ్చే వేళ, కట్టుకోవడానికి మడిచీర లేదు. పెద్దావిడ నోరు జారింది.

"నీ చెయ్యి పడ్డాక ఇంకేం మిగుల్తుందే!"

పిల్లల్లేని మనిషిని అనకూడని మాట అది. మాణిక్యాంబ తన చేతికేసి చూసుకుని, "సరే అక్కయ్యా, ఇవాళ్టి నుంచి నీ వస్తువు మీద నా చెయ్యి పడదు" అంది. అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అదే.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఇద్దరూ తులసమ్మకి చెప్పుకున్నారు, నేను విన్నాను. మనుషులతో మాటలు మానేసినవాళ్ళు మొక్కలతో బాగా మాట్లాడతారు. పైగా వాళ్ళిద్దరి ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ మొక్క ద్వారానే. శేషారత్నం దీపం పెడుతూ, పడమటి గుమ్మానికి వినపడేలా అనేది: "తల్లీ, కొందరికి ఈ వయసొచ్చినా పాలు తోడుపెట్టడం చేతకాదు. ఆ పులుపు వాసన గుమ్మం దాటి వస్తోంది." ఆ గుమ్మంలోంచి మాణిక్యాంబ: "అమ్మా తులసమ్మా, కొందరి ముక్కు ఈ వయసులో కూడా భేషుగ్గా పనిచేస్తోంది. అంతకంటే ఏం కావాలి!"

నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాటలంటే ఇష్టంగా ఉండేది. తిట్టుకోవడానికైనా ఒకరికొకరు కావాలి కదా.

పెద్దావిడ ఆరింటికి వచ్చేది. చిన్నావిడ తెల్లారకట్ల నాలుగున్నరకే వచ్చేది, అక్కయ్యకి తెలియకుండా. ఒక చెంబు నీళ్ళు ఈవిడ పోసేది, ఆరింటికి ఆవిడ వచ్చి ఇంకో చెంబు. నాకు ఒళ్ళంతా చిల్లులు లేకపోతే వీళ్ళిద్దరి భక్తికి ఆ మొక్క వేళ్ళు కుళ్ళి ఎప్పుడో చచ్చిపోయేది. పూతవెన్నులు రాగానే చిన్నావిడ తుంచేసేది, వెన్ను తుంచితేనే మొక్క గుబురుగా ఎదుగుతుంది. పెద్దావిడ గుబురు చూసుకుని తన చేతి చలవ అని మురిసిపోయేది. ఒకరోజు మాణిక్యాంబ నల్లటి కృష్ణతులసి నారొకటి తెచ్చి తన గుమ్మం వైపు మట్టిలో గుచ్చింది. నాలుగు నెలల్లో రెండూ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయాయి. ఆరింటికి వచ్చిన శేషారత్నం పచ్చటి మొక్క ఒక పక్కంతా నల్లబడుతోందని చూసి, గతుక్కుమంది. ఎవరిని అడుగుతుంది? ఆ పక్క గుమ్మంలో మనిషితో మాటల్లేవు కదా.

ఇక అసలు సంగతి. మాణిక్యాంబకి మోకాళ్ళ నొప్పులు. తులసికి పదకొండు ప్రదక్షిణలు చేసే అలవాటు పెళ్ళయిన నాటిది. మోకాళ్ళు మొరాయించాయి. ఒకనాడు స్టూలు వేసుకుని కూర్చుని ఏడుస్తూ నా మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, చేతికి కొంగు చుట్టుకుని ఆనించింది. నేను కదిలాను. ఆవిడ ఉలిక్కిపడింది, కన్నీళ్ళలోనే నవ్వింది. "నేను నీ చుట్టూ తిరగలేను గాని తల్లీ, నువ్వే నా ముందు తిరుగు. ఎవరు తిరిగితేనేం, చుట్టు చుట్టే కదా" అంది. ఆ రోజు నుంచీ కూర్చున్నచోటి నుంచే నన్ను పదకొండు చుట్లు తిప్పేది. ఎన్నడూ వట్టి చెయ్యి తగలనివ్వలేదు. చేతికి కొంగు చుట్టుకునే తిప్పేది. అన్న మాట అన్నట్టే నిలబెట్టుకుంది, మొండిఘటం.

పదకొండో చుట్టుకి చెయ్యి తీసేసేది. అక్కణ్ణించి నేనెక్కడ ఆగితే అక్కడ. ఆరింటికి పెద్దావిడ వచ్చేసరికి బొట్టు తూర్పున ఉండేది కాదు. ఒకరోజు బావి వైపు, ఒకరోజు గోడ వైపు. మొదట పిల్లి పని అనుకుంది. తర్వాత సముద్రపు గాలి అనుకుంది. గుబురుగా ఉన్న మొక్క తెరచాప లాంటిదే కదా. గొణుక్కుంటూ తూర్పుకి తిప్పి వెళ్ళేది.

ఒకనాడు బొట్టు వీధి వైపు, సరిగ్గా ఎదురింటి డ్రిల్లు మాస్టారి వాకిలి కేసి ఆగింది. మర్నాడూ అక్కడే. మూడో రోజు ఆ వాకిట్లో పాడె కట్టారు. పెద్దాయన, వయసు మళ్ళినవాడు, ఎవరూ పెద్దగా అనుకోలేదు. నేను అనుకున్నాను. అప్పలకొండ గుర్తొచ్చాడు.

రెండు నెలల తర్వాత బొట్టు వెనకవీధిలో పాలాయన పశువుల పాకకేసి రెండు రోజులు వరసగా ఆగింది. మూడోనాడు పాలాయన వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు. "గేదె పోయిందండమ్మగారూ. రాత్రి మేత తింది, పొద్దున్నకి లేదండి." శేషారత్నం చేతిలో పాలగిన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ నెమ్మదిగా తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. షెడ్డులో అప్పలకొండ చూసిన చూపు.

"ఏవిటి నువ్వు?" అంది. తులసిని కాదు, నన్ను అడిగింది. అప్పలకొండ తర్వాత నన్ను నన్నుగా పలకరించింది ఆవిడే.

ఆ తర్వాత వచ్చిన బుధవారం బొట్టు పడమటి గుమ్మం కేసి ఆగింది.

మాణిక్యాంబ గుమ్మం కేసి. చీకట్లో ఆవిడకి అది కనిపించదు. కొంగు విప్పుకుని, నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోయింది. ఆరింటికి శేషారత్నం వచ్చి చూసి కొయ్యబారిపోయింది. చెంబు కింద పెట్టి, రెండు చేతులతో నన్ను పట్టుకుని తూర్పుకి తిప్పింది. "నోర్ముయ్" అంది. నోరు తెరిచి పుట్టినదాన్ని, ఏం ముయ్యను?

గురువారం మళ్ళీ పడమటి గుమ్మమే. ఈసారి ఆవిడ నన్ను కొబ్బరిచెట్టు కేసి తిప్పింది. "ఆ చెట్టుని తీసుకెళ్ళు. కాయలు కూడా కాయట్లేదు ముదనష్టపుది." శుక్రవారం మళ్ళీ అదే గుమ్మం. అప్పుడు ఆవిడ చేసిన పని చూసి నాకు చిల్లుల్లోంచి మట్టి కారినంత పనైంది. నన్ను తన సొంత గుమ్మం కేసి తిప్పుకుంది. బొట్టుకి దణ్ణం పెట్టి, "నేనున్నాగా. పెద్దదాన్ని నేను. వరసైనా తెలియదా నీకు?" అంది.

వెళ్ళి తలుపు కొట్టి చెప్పొచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అన్నాను, నాలో నేను. కాని ఆవిడ ఏమనుకుందో మొక్కకి చెప్పింది, విన్నాను. "తొమ్మిదేళ్ళ తర్వాత వెళ్ళి మొదటి మాట ఏమనను తల్లీ? నువ్వు పోతావేమోనే అననా? ఇప్పటికే ఒక మాట అన్నాను. దాని మీద ఇంకొకటా?" ఆవిడ చెంపల మీద నీళ్ళు నా అంచు మీద పడ్డాయి. ఉప్పు నీళ్ళు మొక్కకి మంచివి కావు. అయినా ఏమనగలను?

ఆ సాయంత్రం ఆవిడకొక ఉపాయం తోచింది. పెరట్లో బట్టలారేసుకునే తాడు విప్పింది. విప్పి నా నడుముకి నాలుగు చుట్లు చుట్టి, కొళాయి గొట్టానికి బిగించి ముడి వేసింది. ఇక తిరగలేదు కదా అని నిట్టూర్చింది. కట్టింది ఏ తాడో ఆవిడకి తట్టలేదు. మనుషులు భయంలో ఉన్నప్పుడు చేతికేది దొరికితే అదే.

శనివారం తెల్లారకట్ల మాణిక్యాంబ వచ్చింది. చేతికి కొంగు చుట్టుకుని తోసింది. నేను కదల్లేదు. తడిమి చూసింది. తాడు తగిలింది. వేళ్ళతో దాన్ని పట్టుకుని గుర్తుపట్టింది. మడిచీర ఆరేసిన తాడు.

ముడి దాకా తడుముకుంటూ వెళ్ళింది. తర్వాత అంది: "తెలిసిపోయిందన్నమాట. నా చెయ్యి పడకూడదని నిన్ను కట్టేసుకుంది తల్లీ. కొంగు చుట్టుకున్నానే! కొంగు కూడా పనికిరాలేదా?" స్టూలు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. నీళ్ళు కూడా పొయ్యలేదు.

ఆ పూట నాకు ఎంత మంటెత్తిందో చెప్పలేను. ఆవిడ ప్రాణం కాపాడుకోవాలని ఈవిడ కట్టిన తాడు, ఆవిడ గుండెకి ఉరైంది. ఇద్దరి మనసూ నాకు తెలుసు. చెప్పడానికి నాకున్నది ఒకటే భాష, తిరగడం. అది కూడా కట్టేశారు. ఆదివారం చిన్నావిడ రాలేదు. సోమవారం రాలేదు. పెద్దావిడ ఆరింటికి వచ్చి, బొట్టు కట్టినచోటే ఉందని చూసుకుని సంబరపడేది. పడమటి గుమ్మం లోంచి ఒక ఎత్తిపొడుపు కూడా రావడం లేదని సోమవారం సాయంత్రానికి గాని గమనించలేదు. "తల్లీ, కొందరి ఇంట్లో ఇవాళ పోపు వాసనే లేదు" అంది గట్టిగా. జవాబు రాలేదు. మళ్ళీ అంది. రాలేదు.

మంగళవారం తెల్లారకట్ల నాలుగున్నర. గాలి లేదు. కొబ్బరాకు కూడా కదలడం లేదు. పిల్లి లేదు. మనిషి లేదు. నా మీద ఏ చెయ్యీ లేదు, ఒట్టు. నేను తిరిగాను. తిరగాలని నేను అనుకోలేదు. నా మట్టి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఆనాడు షెడ్డులో మీట నొక్కినప్పుడు ఎలా ఉండేదో అలాగే లోపలెక్కడో మొదలైంది. తాడు బిగిసింది, నారలు పురి తిరిగాయి, కొళాయి గొట్టం మూలిగింది. అంత బిగింపులోనూ అంగుళం అంగుళం జరిగి, సొట్ట పడమటి గుమ్మానికి ఎదురుగా వచ్చి ఆగింది.

ఆరింటికి శేషారత్నం చూసింది. వేసిన ముడి వేసినట్టే ఉంది. తాడు నా ఒంటిలోకి దిగి ఉంది. చేతిలో చెంబు జారి దొర్లిపోయింది. ఆవిడ తడిబట్టతో, మడితో, పెరడు దాటి వెళ్ళి తలుపు దబదబా బాదింది.

"మాణిక్యం! ఒసేయ్ మాణిక్యం! తలుపు తియ్యవే!"

లోపల ఏ చప్పుడూ లేదు. నాకు షెడ్డు వాసన తగిలింది. తర్వాత గడియ తీసిన చప్పుడైంది. మాణిక్యాంబ నిలబడి ఉంది, జుట్టు రేగి, మొహం పీక్కుపోయి.

"ఏవిటక్కయ్యా? మడిలో ఉండి నా గుమ్మం తొక్కుతావేం?"

"మడీ లేదు గాడిదగుడ్డూ లేదు. నువ్వు బాగున్నావా? అది చెప్పు ముందు. తిన్నావా?" అంటూ ఆవిడ రెండు చెంపలూ, భుజాలూ తడిమేసింది, బతికి ఉందో లేదో చూసుకునేందుకు. తర్వాత గుమ్మంలోనే కూలబడి అంతా చెప్పింది. డ్రిల్లు మాస్టారు, గేదె, మూడు రోజులు, కొబ్బరిచెట్టు, తాడు.

మాణిక్యాంబ విని విని పకపకా నవ్వింది. "నేనక్కయ్యా నీ భూతాన్ని! మోకాళ్ళు సహకరించక కూర్చుని తిప్పుకుంటున్నాను. అది ఎటు ఆగితే నాకేం తెలుస్తుంది, చీకట్లో!"

"నువ్వా? రోజూనా?"

"రోజూనూ. నీ వస్తువని కొంగు చుట్టుకునే తిప్పాను. నువ్వేమో అది కూడా సహించలేక కట్టేశావనుకున్నాను."

శేషారత్నం మొహాన కొంగు కప్పుకుని ఏడ్చింది. "నువ్వు పోతావేమోనని కట్టానే. నా నోరు పడిపోను, ఆ వేళ అలా అన్నాను గాని, తొమ్మిదేళ్ళ నుంచీ నీ ఇంట పోపు వాసన వస్తేగాని నాకు ముద్ద దిగదే." ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. నల్లతులసి నారు సంగతి కూడా అప్పుడే బయటపడింది. దానికి మాత్రం పెద్దావిడ నాలుగు తిట్టింది.

కొంతసేపటికి శేషారత్నం నవ్వు ఆపి అడిగింది. "మరి ఇవాళ ఎందుకే తిప్పావు, తాడు కట్టి ఉండగా?"

"ఇవాళ నేను రాలేదక్కయ్యా. శనివారం నుంచీ రావట్లేదు."

ఇద్దరూ నా వైపు చూశారు.

ఆ పూటే పెద్దావిడ చిన్నావిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఏమీ లేదు, బలానికి మాత్రలు రాశారు. తాడు విప్పేశారు. మర్నాడు తెల్లారకట్ల ఇద్దరూ కలిసి వచ్చారు. మాణిక్యాంబ అలవాటుగా చేతికి కొంగు చుట్టుకుంటుంటే, శేషారత్నం ఆ కొంగు లాగేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని తెచ్చి నా మీద ఆనించింది. ఆ అరచెయ్యి చల్లగా ఉంది, పనితో గరుకెక్కి ఉంది. పదకొండు చుట్లు తిరిగాను. ఏ రోగి దుప్పటికీ అంత నెమ్మదిగా తిరగలేదు. పడమటి గుమ్మం దగ్గర ఆగాను. శేషారత్నం తూర్పుకి తిప్పలేదు. ఇంక తిప్పి లాభం లేదని ఇద్దరికీ తెలిసినట్టుంది. పైకి మాత్రం కాఫీ గురించి మాట్లాడుకున్నారు.

పదహారు రోజులు అలా గడిచాయి. ఒకే పొయ్యి మీద వంట. తొమ్మిదేళ్ళలో దాచుకున్న ఎత్తిపొడుపులన్నీ ఎదురెదురుగా కూర్చుని ఖర్చుపెట్టుకున్నారు. పదిహేడో రోజు శుక్రవారం. మధ్యాహ్నం పడమటి వాటాలోంచి "అక్కయ్యా" అన్న పిలుపు ఒక్కటే వినిపించింది. శేషారత్నం పరుగెత్తుకొచ్చింది, నా దగ్గరికి. శుక్రవారం తులసి తుంచకూడదు. గోరు తగలకూడదు. మడి లేకుండా ముట్టుకోకూడదు. అన్నీ తెలిసిన మనిషి, ఇంటి బట్టతో, గోటితో ఒక పచ్చటి ఆకూ ఒక నల్లటి ఆకూ పుటుక్కున తుంచుకుపోయింది. ఆ తీర్థం గొంతు దిగిందో లేదో నాకు తెలియదు. ఏడుపు వినిపించింది.

మైల పది రోజులూ ఆవిడ నా దగ్గరికి రాలేదు. పూలమ్మే మనిషి నీళ్ళు పోసి వెళ్ళేది. ఆ పది తెల్లారకట్లా ఏం జరిగిందో చూసినదాన్ని నేనొక్కదాన్నే. పదకొండో నాడు స్నానం చేసి నాలుగున్నరకే వచ్చింది శేషారత్నం. స్టూలు మీద కూర్చుంది. తను చెయ్యి వెయ్యలేదు. నేను తిరగడం మొదలుపెట్టాను.

ఆవిడ కేక వెయ్యలేదు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. సరిగ్గా పదకొండు. నా ఒంటి మీద ఒక అరచెయ్యి ఉంది. చల్లగా, గరుగ్గా. కొంగు లేదు.

అప్పట్నుంచి రోజూ వస్తుంది. పూతవెన్నులు తనే తుంచుతుంది. ఒక చెంబు పోసి, కాస్త ఆగి, రెండో చెంబు కూడా తనే పోస్తుంది. నేను ఆగగానే వంగి చూసి, "ఇవాళ ఎటే మాణిక్యం?" అని అడుగుతుంది. బావి వైపైతే బావి. గోడ వైపైతే గోడ. ఎటు ఆగితే అటే బొట్టు పెడుతుంది. తూర్పు మాట ఎత్తడమే మానేసింది.

మొన్నా నిన్నా తూర్పు గుమ్మం దగ్గర ఆగాను. ఆవిడ గుమ్మం దగ్గర. చూసింది, బొట్టు పెట్టింది. ఇవాళా అక్కడే ఆగాను. ఆవిడ వంగి, సొట్టలో వేలితో నెమ్మదిగా తడిమింది. ఆ తర్వాత నవ్వింది. కొత్తకోడలిగా వచ్చిన నాడు ఎలా నవ్విందో గాని, అంత తేలిగ్గా నవ్వింది.

"వస్తున్నానే, తొందరపెట్టకు" అంది. "పాలు తోడుపెట్టేసి వస్తాను. లేకపోతే నువ్వే అంటావు, కొందరికి ఈ వయసొచ్చినా చేతకాదని."

లేచి లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది.